మళ్ళీ మొదటి పేజీ నుంచి

పెద్దయ్యాక ఏమవుతావని సండేస్కూలు పిల్లలను అడిగితే డాక్టరనో, కలెక్టరనో, అమెరికా వెళ్తాననో వెంటనే చెబుతారు. మనం సంతోషిస్తాం, వారి కోసం ప్రార్థన చేస్తాం. కానీ ఆ దారిలో ఎదురయ్యే దెబ్బల గురించి వారితో మాట్లాడేది తక్కువ. అందుకే ఈ వారం, మన భాషకు దగ్గర సంబంధమున్న విలియం కేరీ జీవితాన్ని మరోసారి గుర్తు చేసుకుందాం.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి నేతపనివాడు, తర్వాత ఊరి బడిపంతులయ్యాడు. కెనడా చూసి వచ్చిన తండ్రి సోదరుని కబుర్లు వింటూ, సముద్రయాత్రల పుస్తకాలు చదువుతూ ఆ బాలుడు దూరదేశాల గురించి కలలు కన్నాడు. తోటి పిల్లలు అతనిని కొలంబస్ అని పిలిచేవారు. అయితే ఎండకు తాళలేని చర్మవ్యాధి వల్ల పొలం పని చేయలేకపోయాడు. చివరికి బూట్లు కుట్టే పనిలో కుదిరాడు. లోకమంతా చూడాలనుకున్నవాడికి దొరికింది ఒక చిన్న దుకాణం.

ఆ దుకాణంలోనే తోలు, సూది పక్కన పుస్తకం పెట్టుకున్నాడు. లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకున్నాడు. కాగితాలు అతికించి పెద్ద ప్రపంచపటం చేసుకుని, ఒక్కో దేశపు జనసంఖ్య, మతం దాని మీద రాసుకున్నాడు. బాల్యంలో దేశాలు చూడాలన్న కోరిక, అక్కడి మనుషులకు సువార్త చేర్చాలన్న భారంగా మారింది. 1793లో ఆయన బెంగాలుకు చేరారు.

ఇక్కడ మనం దాచకూడని సంగతి ఒకటుంది. భార్య డొరోతి ఈ ప్రయాణానికి మొదట ఒప్పుకోలేదు. అప్పుడామె గర్భవతి. చివరికి చంటిబిడ్డతో ఓడ ఎక్కారు. 1794లో అయిదేళ్ల కుమారుడు పీటర్ విరేచనాల వ్యాధితో చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మతిస్థిమితం కోల్పోయి, 1807లో మరణించే వరకు కోలుకోలేదు. కేరీ దర్శనానికి ఆమె చెల్లించిన వెల చాలా పెద్దది. ఆయనను గౌరవించే మనం ఆమెను మరచిపోవడం న్యాయం కాదు.

పరిచర్యలోనూ ఫలం త్వరగా రాలేదు. నీలిమందు కర్మాగారంలో పనిచేస్తూ బెంగాలీ నేర్చుకున్నారు. కృష్ణ పాల్ బాప్తిస్మము పొందింది 1800 డిసెంబరులో, అంటే ఏడేళ్ల తర్వాత. అప్పటికి కేరీ సెరంపూరులో మార్ష్‌మన్, వార్డులతో కలిసి ఉన్నారు. అక్కడి ముద్రణాలయంలో 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయింది.

1812 మార్చి 11 సాయంత్రం ఆ ముద్రణాలయం అగ్నికి ఆహుతైంది. కాగితం, అనేక భాషల అచ్చు అక్షరాలు, ఏళ్ల తరబడి రాసిన వ్రాతప్రతులు కాలిపోయాయి. వాటిలో కేరీ రాసిన తెలుగు వ్యాకరణం ఒకటి. కలకత్తాలో ఉన్న ఆయనకు మరునాడు మార్ష్‌మన్ వచ్చి కబురు చెప్పారు. కాలిన ఇంటిని కట్టుకోవచ్చు, కాలిన వ్రాతప్రతిని ఎవరు తెచ్చిస్తారు? కేరీకి అప్పుడు యాభై ఏళ్లు. అయినా మళ్ళీ మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టారు. అచ్చు యంత్రాలు మిగిలాయి, అక్షరాలు తిరిగి పోతపోశారు. వార్త విన్న ఇంగ్లండు సంఘాలు కొద్ది నెలల్లోనే నష్టాన్ని పూడ్చే సొమ్ము పంపాయి. 1814లో తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు క్రొత్త నిబంధన సెరంపూరులో వెలువడ్డాయి. ఆ అనువాదాల్లో లోపాలున్నాయని తర్వాతివారు గుర్తించి, సరిచేస్తూ వచ్చారు. 1834 జూన్ 9న కేరీ సెరంపూరులోనే కన్నుమూశారు. ఇండియాకు వచ్చాక ఇంగ్లండుకు ఒక్కసారీ తిరిగి వెళ్ళలేదు.

ప్రియులారా, ఈ జీవితం మన ఇళ్లకు రెండు సంగతులు నేర్పుతుంది. మొదటిది, కేరీ పెద్ద పనులు రోజుకు కొంచెం చొప్పున చేసినవే. ఆ అలవాటు ఉన్నందువల్లనే పోయినదాన్ని తిరిగి రాయగలిగారు. పరీక్ష తప్పిన పిల్లవాడికి, సీటు రాని అమ్మాయికి ఈ కథ చెప్పండి. మొదటిసారి చదివినది వృథా కాదని, రెండోసారి కూర్చోవడానికి సిగ్గుపడనక్కరలేదని చెప్పండి. రెండవది, కల ఒకరిదే అయినా భారం ఇంట్లో అందరిమీదా పడుతుంది. పరిచర్యకని, పై చదువుకని, విదేశానికని బయలుదేరేవారు ఇంట్లోవారి మాట ముందుగా వినాలి. సంఘం కూడా వేదికమీద ఉన్నవారితో పాటు, ఆ ఇంట్లో మౌనంగా మోస్తున్నవారి కోసం ప్రార్థించాలి, వెళ్ళి పలకరించాలి. ఈ ఆదివారం అలాంటి ఒక ఇంటి తలుపు తట్టుదాం.