రికార్డుపై నిలిచిన గళం ఘంటసాల
యంత్రానికి తగినట్టు పద్యాన్ని మలచిన గాయకుడు

లింగాల ఘనపూర్: పల్లెల్లో ఎవరైనా కాలం చేస్తే ఇంటి ముందు మైకుసెట్టు కట్టి భగవద్గీత వేయడం ఆనవాయితీగా మారింది. ఆ గంభీర స్వరం అమరగాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావుది. ఆ రికార్డు విడుదల కాకముందే, 1974 ఫిబ్రవరి 11న, ఆయన మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లే.

మధుకరం చేసి సంగీతం

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య చిన్నతనంలోనే మరణించారు. సంగీతం నేర్వాలన్న పట్టుదలతో ఆయన విజయనగరం చేరుకున్నారు. ఇంటింటా మధుకరం చేసి కడుపు నింపుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి వద్ద శిష్యరికం చేసి విద్వాంసుడయ్యారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. 1944లో సావిత్రిని వివాహమాడారు. అనంతరం సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు.

అక్కడ గ్రామఫోన్ కంపెనీ స్వరపరీక్షలో తొలుత ఆయనకు నిరాశే ఎదురైంది. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు లలితగీతాలు పాడే అవకాశం కల్పించారు. పేకేటి శివరాం చొరవతో రికార్డులూ వెలువడ్డాయి. 1945లో 'స్వర్గసీమ' చిత్రంతో నేపథ్య గాయకుడయ్యారు.

మూడు నిమిషాల్లో పద్యం

ఆనాటి లక్క రికార్డు నిమిషానికి 78 సార్లు తిరిగేది. ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటుగా మాత్రమే పట్టేది. ఈ మండలంలోని మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935-2017) వంటి ఒగ్గుకథకులు తెల్లవార్లూ కథ నడిపించగలిగేవారు. రంగస్థల నటులు ఒక్క పద్యానికే దీర్ఘంగా రాగం తీసేవారు. రికార్డుపై అంతటి విస్తృతికి తావు లేదు. దూరాన కూర్చున్నవారికి వినిపించేలా గొంతెత్తి పాడాల్సిన అవసరాన్ని కూడా మైకు తొలగించింది.

ఈ మార్పును ఘంటసాల చక్కగా ఆకళింపు చేసుకున్నారు. ఆలాపనను కుదించి, ప్రతి అక్షరం స్పష్టంగా పలికి, భావానికి పెద్దపీట వేశారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన 'పుష్పవిలాపం', 'కుంతీవిలాపం' పద్యాలు ఆ రికార్డుల ద్వారానే చదువురాని వారి నాలుకలపైకీ చేరాయి. చెవులకు పట్టిన ఆ తీరు తర్వాతి గాయకులకు ఒరవడి అయింది. దానితో పాటు దీర్ఘరాగాల నాటకపద్యం క్రమేణా వెనుకబడిందన్నదీ వాస్తవమే.

తప్పితే మళ్లీ మొదటికి

'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957), 'లవకుశ' (1963) చిత్రాల నాటికి గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి పాటను రికార్డు చేసేవారు. ఒక్క వయొలిన్ తప్పినా మళ్లీ మొదటి నుంచి అందుకోవాల్సి వచ్చేది. అందుకే ముందుగా పలుమార్లు సాధన సాగేది. బహుళ ట్రాకుల విధానం వచ్చాక గాయకుడొక రోజు, వాద్యకారులొక రోజు వచ్చి పాడి, వాయించి వెళ్లే వీలు కలిగింది. ఆపై వీణ, వేణువుల నాదాన్ని నమూనాలుగా భద్రపరచి కీబోర్డు మీటలపైనే పలికించడం మొదలైంది. ఖర్చు తగ్గింది, సౌలభ్యం పెరిగింది. పదుల సంఖ్యలో వాద్యకారులకు దొరికే పని మాత్రం తగ్గిపోయింది.

చివరి కానుక

1970లో పద్మశ్రీ అందుకున్న ఘంటసాల 1971లో ఐరోపా, అమెరికాల్లో కచేరీలు చేశారు. అప్పటికే ఆరోగ్యం క్షీణిస్తోంది. ఆ స్థితిలోనే వందకు పైగా గీతా శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో సహా హెచ్‌ఎంవీ సంస్థకు పాడి ఇచ్చారు. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టే ఎల్పీ రికార్డులు వచ్చినందునే అంతటి గానం సాధ్యమైంది. 1980ల్లో క్యాసెట్లు చౌకగా లభించడంతో అది పల్లెపల్లెకూ చేరింది. ఇప్పుడు సెల్‌ఫోన్ల నుంచి వినిపిస్తోంది.

కర్తవ్యానికి వెనుదీస్తున్న అర్జునుని యుద్ధానికి సన్నద్ధం చేసే గీత, ఊరి జనానికి మరణవార్తగా మారడం విచిత్రమే. బతికున్నవారు తీరికగా విని అర్థం చేసుకోవాలనే ఆయన ప్రతి శ్లోకానికీ తెలుగులో తాత్పర్యం జోడించారు.