స్వర్గీయ రైల్వే బడ్జెట్

ఫిబ్రవరి చివరి వారం వస్తే తెలుగు పత్రికల్లో ఒక శీర్షిక ముందే సిద్ధంగా ఉండేది: మళ్లీ మొండిచెయ్యే. పక్కన మ్యాపు, పాత డిమాండ్ల చిట్టా, ఎంపీల ఆగ్రహం. ఎక్కడో ఒక హాల్టు దక్కితే ఆ ఊళ్లో మిఠాయిలు. 2016 ఫిబ్రవరి 25న రైల్వే మంత్రి సురేశ్ ప్రభు ప్రసంగంతో ఆ సందడి ముగిసింది. సెప్టెంబరు 21న కేంద్ర మంత్రివర్గం రైల్వే బడ్జెట్‌ను సాధారణ బడ్జెట్‌లో కలిపేసింది.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. పుట్టుక వరకూ చెప్పడానికి మంచి చాలానే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి మన రైళ్లు, పట్టాలు, వంతెనలు అరిగిపోయి ఉన్నాయి. ఏ ఏడాదికి ఆ ఏడాది ఖజానా విదిలిస్తేనే డబ్బు. ఆర్థిక సంవత్సరం ముగిస్తే ఖర్చవని సొమ్ము మురిగిపోయేది. వంతెన కట్టడానికి నాలుగేళ్లు పడుతుంది కానీ, లెక్కలు ఏటా మార్చి 31న మూసేస్తారు కదా! ఈ పద్ధతితో రైల్వే బాగుపడదని విలియం ఆక్‌వర్త్ కమిటీ తేల్చింది. 1924 సెప్టెంబరు 20న కేంద్ర శాసనసభ తీర్మానంతో రైల్వే లెక్కలు వేరుపడ్డాయి. ఖజానాకు ఏటా ఇంతని కట్టు, అరుగుదలకు నిధి దాచుకో, ముందుచూపుతో నడుపుకో అన్నది ఏర్పాటు.

దూరం చూడటానికి పుట్టిన ఆ బడ్జెట్, పెద్దదయ్యాక మరుసటి ఎన్నికలకు మించి చూడలేకపోయింది. ఏటా కొత్త రైళ్లు ప్రకటించేవారు, ఉన్న పట్టాలమీదే. టికెట్ ధర ముట్టుకోవాలంటే మంత్రులకు వణుకు. 2012లో ముట్టుకున్న దినేశ్ త్రివేది పదవే పోగొట్టుకున్నారు. టికెట్లలో వచ్చే లోటును సరకు రవాణా చార్జీల మీద వేస్తూ పోయారు, సరకు లారీలకెక్కింది. 2009లో రైల్వే మంత్రిగా మమతా బెనర్జీ ‘విజన్ 2020’లో 25,000 కిలోమీటర్ల కొత్త లైన్లు అన్నారు. డబ్బెక్కడిదని గట్టిగా అడిగినవారు తక్కువ.

కోనసీమవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కోటిపల్లి–నరసాపురం లైను మంజూరైంది 2000–01లో. పొడవు 57 కిలోమీటర్లు. దారిలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ మీద మూడు వంతెనలు. రైల్వే బడ్జెట్ కన్నుమూసేనాటికీ లైను పూర్తికాలేదు. ఏటేటా కాస్త కాస్త నిధులిచ్చి పనిని బతికించడమే తప్ప ముగించే ఉద్దేశం కనపడలేదు.

కాబట్టి బిబేక్ దేబ్‌రాయ్ కమిటీ రైల్వే బడ్జెట్‌ను రద్దు చేయమనడంలో తప్పులేదు. రద్దుతో రైల్వేకు ఏటా దాదాపు 9,700 కోట్ల రూపాయల మేర ఖజానాకు కట్టే డివిడెండ్ భారం తప్పింది. తరవాత కేంద్రం ధారాళంగానే ఇచ్చింది: 2024–25లో పెట్టుబడి వ్యయానికి 2.62 లక్షల కోట్లు. అయితే రోగం బడ్జెట్ పుస్తకంలో లేదని కూడా తేలింది. 2017–18లో రైల్వే వంద రూపాయలు సంపాదించడానికి 98 రూపాయల 44 పైసలు ఖర్చు పెట్టిందని కాగ్ లెక్క తీసింది.

నాకు బెంగ ఆ ప్రసంగాల మీద కాదు, ఆ రోజు మీద. రైల్వే మంత్రి సభలో నిలబడి తన శాఖ ఆదాయం, ఖర్చు, పాత హామీల గతి దేశమంతా వింటుండగా చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఆర్థిక మంత్రి ప్రసంగంలో రైల్వేకు దక్కేది కొన్ని వాక్యాలు. ఆంధ్రప్రదేశ్‌కు 9,417 కోట్లు, తెలంగాణకు 5,337 కోట్లు అని 2025లో రైల్వే మంత్రి విడిగా ఓ విలేకరుల సమావేశంలో చెప్పారు. ఏ లైనుకు ఎంత, ఎప్పటికి పూర్తి అన్నది ఆ మొత్తాల్లో కనపడదు. పెద్ద అంకె చూశాక మొండిచెయ్యి అనడానికీ నోరు రాదు.

పనులవారీ కేటాయింపులు చూపే పింక్ బుక్ మాత్రం ఇంకా వెలువడుతోంది. మీ ఊరి లైను పేరు అందులో వెతకండి. దానికెదురుగా ఉన్న అంకె పట్టుకుని మీ ఎంపీని అడగండి.