గుంటూరు డాక్టరమ్మ: సిస్టర్ మేరీ గ్లౌరీ

కృష్ణానదికి అవతలి ఒడ్డున, గుంటూరులో ఉన్న సెయింట్ జోసఫ్ ఆసుపత్రి పేరు మన విచారణల్లో చాలామంది విన్నదే. చిన్న మందుల గదిగా ఉన్న ఆ సేవను పెద్ద ఆసుపత్రిగా పెంచిన సిస్టర్ డాక్టర్ మేరీ గ్లౌరీ గారి జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను. ఇంట్లో ఒకరు పచ్చకామెర్లతోనో మూత్రపిండాల జబ్బుతోనో మంచం పట్టినప్పుడు ఆ జీవితం నుండి మనం నేర్వవలసింది ఒకటుంది. రోగి మీద ప్రేమ ఉంటే చాలదు, శుశ్రూష చేయడం నేర్చుకోవాలి.

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బిర్రెగుర్రా అనే పల్లెలో జన్మించారు. తొమ్మిదిమంది సంతానంలో ఆమె మూడవ బిడ్డ. చదువులో మంచి తెలివితేటలు కనబరచి, విద్యార్థి వేతనాలతో పైకి వచ్చారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్యం వైపు వెళ్లి, తరువాత వైద్యానికి మారి, 1910లో పట్టా పుచ్చుకున్నారు. స్త్రీలు డాక్టర్లు కావడమే అరుదైన రోజులవి. కొంతకాలం న్యూజిలాండులో పనిచేసి తిరిగివచ్చి, మెల్‌బోర్న్ నగరంలో పేరున్న కాలిన్స్ వీధిలో సొంతంగా వైద్యం ఆరంభించారు. సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలోనూ, కంటి ఆసుపత్రిలోనూ సేవచేశారు.

1915లో ఒక ఆదివారం ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండు డాక్టరమ్మ గురించి రాసినది. పరదా చాటున ఉండే స్త్రీలు మగ డాక్టరు దగ్గరకు రాలేక చనిపోతున్నారనీ, పసిబిడ్డలు లెక్కకు మించి రాలిపోతున్నారనీ తెలిసి, ఆ పెద్దావిడ ఇండియాలో స్త్రీల కోసం ఆసుపత్రి స్థాపించారు. అది చదివిన మేరీ గారు తన పిలుపు ఏమిటో తెలుసుకున్నారు. అయినా వెంటనే బయలుదేరలేదు. యుద్ధం నడుస్తున్న రోజులవి. మరో నాలుగేళ్లు ఆగి, ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యాలలో మరింత చదివి, 1919లో ఎం.డి. పట్టా తీసుకున్నారు. పంపబడడానికి ముందు సిద్ధపడాలని ఆమెకు తెలుసు.

1920లో ఆమె గుంటూరు చేరారు. అప్పటికే అక్కడ సేవచేస్తున్న హాలెండు దేశపు జె.ఎం.జె. మఠకన్యల సభలో చేరి, తిరుహృదయ సిస్టర్ మేరీ అనే పేరు స్వీకరించారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆనాటి శ్రీసభ చట్టం మఠకన్యలు వైద్యవృత్తి చేయడానికి ఒప్పుకునేది కాదు. ఆమెకు మాత్రం పాపుగారు పదిహేనవ బెనెడిక్టు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. మిషను ప్రాంతాల మఠకన్యలందరికీ ఆ ద్వారం తెరుచుకున్నది 1936లో మాత్రమే.

గుంటూరులో ఆమె ముందు నిలిచిన జనాన్ని ఊహించండి. కాన్పు కష్టమై ఎడ్లబండి మీద వచ్చిన తల్లి, జ్వరంతో కాలిపోతున్న పసివాడు, ఒళ్లంతా పసుపెక్కిన కూలీ, ఒళ్లు వాచి పడుకోలేని ముసలాయన. డాక్టరమ్మ మాత్రం ఒక్కరే. ఆ రోజుల్లో మందులు కూడా కొద్దే. పెన్సిలిన్ మన దేశానికి అందినది 1940లలో. కామెర్లు కలిగించే హెపటైటిస్ బి క్రిమిని గుర్తించినది 1960లలో, ఎ క్రిమిని 1973లో, సి క్రిమిని 1989లో. అంటే ఆమె గుంటూరులో వైద్యంచేసిన కాలమంతటా కామెర్ల రోగికి సరైన మందు ఏ డాక్టరు దగ్గరా లేదు. రోగిని నిలబెట్టినది విశ్రాంతి, శుభ్రత, కాచిన నీరు, తగిన ఆహారం, కంటికి రెప్పలా కనిపెట్టుకుని ఉండడం. ఒక్క మాటలో, శుశ్రూష.

అందుకే ఆమె తానొక్కరే వైద్యంచేసి ఊరుకోలేదు. స్థానిక స్త్రీలను చేరదీసి కాంపౌండర్లుగా, మంత్రసానులుగా, నర్సులుగా తీర్చిదిద్దారు. మన నాటు మూలికలను చిన్నచూపు చూడక, వాటిని శ్రద్ధగా పరిశీలించారు. 1943లో తోటి వైద్య సిస్టర్లను కూడగట్టి కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించి, 1951 వరకు అధ్యక్షురాలిగా నడిపించారు. సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న ఆ సంఘంలో నేడు 3,000కు పైగా సంస్థలున్నాయి. కథోలిక వైద్య కళాశాల కావాలని ఆమె తపించారు. బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల 1963లో ఆరంభమయ్యేనాటికి ఆమె లేరు. క్యాన్సరుతో బాధపడి, 1957 మే 5న బెంగుళూరులోనే కన్నుమూశారు. జీవితమంతా రోగుల మంచం ప్రక్కన నిలిచిన ఆమె చివరికి తానే మంచం మీద ఉండి, ఇతరుల చేతి సేవ అందుకున్నారు. 2013లో గుంటూరులో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు.

ప్రియ పాఠకులారా, ఇక మన ఇంటి సంగతి చూద్దాం. మనది కాలువల నీటి మీద బ్రతికే డెల్టా ప్రాంతం. ఉయ్యూరు నుండి దివిసీమ దాకా నీరు కలుషితమైతే కామెర్లు వస్తాయి. ఇలా నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందికి కొన్ని వారాలలో వాటంతటవే తగ్గుతాయి. ఆ గొప్పతనం పసరుకు దక్కుతుంది! కాని రోగి మగతగా ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, రక్తం కనిపించినా, గర్భిణి అయినా పసరు కోసం పరుగెత్తకండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. గర్భిణికి హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు. వాతలు పెట్టించడం మానండి. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పనిదే వేయకండి. సారా ఒక్క చుక్క కూడా వద్దు. నీరు కాచి చల్లార్చి ఇవ్వండి. రోగికి సేవచేసేవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

హెపటైటిస్ బి, సి వేరు. అవి కలిసి భోంచేస్తే అంటవు. రక్తం ద్వారా, సూదుల ద్వారా, దాంపత్యం ద్వారా, తల్లి నుండి బిడ్డకు అంటుతాయి. కనుక బ్లేడు, పళ్ల బ్రష్షు వేరుగా ఉంచండి గాని, మనిషిని పంక్తి నుండి వెలివేయకండి. పుట్టిన 24 గంటలలోపు బిడ్డకు బి టీకా వేయించండి. 2018లో ఆరంభమైన జాతీయ పథకం క్రింద ప్రభుత్వ కేంద్రాలలో ఈ రెండింటికి పరీక్షలు, మందులు ఉచితం. సి అయితే సాధారణంగా కొన్ని నెలల మాత్రలతో నయమవుతుంది.

మూత్ర వ్యాధుల విషయంలో మన ప్రేమ ఇంకా పొరబడుతుంది. నీళ్లు బాగా త్రాగమని అందరికీ ఒకే మాట చెబుతాం. రాళ్లున్నవారికి అది మంచిదే. మూత్రపిండాలు చెడి కాళ్లు వాచినవారికి అదే నీరు ఊపిరాడకుండా చేయవచ్చు. కనుక త్రాగినది ఎంత, పోసినది ఎంత అన్నది కొలిచి కాగితం మీద రాయండి. రంగు, మంట, జ్వరం గమనించండి. గొట్టం వేసిన రోగికి మూత్రపు సంచి ఎప్పుడూ నడుము కంటే క్రిందుగా వ్రేలాడాలి, కాని నేలను తాకకూడదు. ముట్టుకునే ముందూ తరువాతా చేతులు కడగాలి. ఉద్దానంలోనూ, ఇటు ఎ.కొండూరు తండాలలోనూ మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు తెలుసు. అక్కడి ఇళ్లకు కావలసినది మన జాలి ఒక్కటే కాదు.

సువార్తలోని మంచి సమరీయుడిని జ్ఞాపకం చేసుకోండి. అతడు జాలిపడ్డాడు, అంతటితో ఆగలేదు. గాయానికి నూనె, ద్రాక్షరసం పోసి కట్టు కట్టాడు. ఏం చేయాలో అతనికి తెలుసు. దైవకృప మానవ స్వభావాన్ని త్రోసివేయదు, పూర్తిచేస్తుందని పునీత తోమా అక్వినాసు వారు నేర్పారు. సిస్టర్ మేరీ గ్లౌరీ జీవితంలో ప్రార్థనా, పుస్తకమూ పోట్లాడుకోలేదు.

ప్రతి విచారణలో నర్సు చదువు చదివిన అమ్మాయిలు, సిస్టర్లు ఉన్నారు. ఒక ఆదివారం దివ్యపూజ తరువాత గంటసేపు వారిచేత చెప్పించుకోండి. మంచం మీది మనిషిని ఎలా త్రిప్పాలి, చేతులు ఎలా కడగాలి, కొలత ఎలా రాయాలి అన్నవి తల్లులతోపాటు తండ్రులు, కుమారులు కూడా నేర్చుకోవాలి. మీ ఇంట్లో రేపు ఎవరు మంచం పడతారో ఎవరికీ తెలియదు. ఆనాటికి మీ చేతులు సిద్ధంగా ఉండాలి.