డాక్టర్ పట్టాభి పెట్టిన బ్యాంక్.. షేర్ మార్కెట్ దాకా ఎలా వెళ్లిందంటే?

అమలాపురంలో బోర్డు మారి ఏళ్లు గడిచినా, చాలామంది పెద్దవాళ్ల నోట అది ఇంకా ఆంధ్రా బ్యాంకే. ఆ బ్యాంక్ పెట్టింది వ్యాపారి కాదు, ఓ డాక్టర్. ఆయనే భోగరాజు పట్టాభి సీతారామయ్య.

1880 నవంబర్ 24న గుండుగొలనులో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి మచిలీపట్నంలో ప్రాక్టీస్ పెట్టారు. తర్వాత దాన్ని వదిలేసి స్వాతంత్ర్య ఉద్యమంలోకి దిగారు. తెలుగువాళ్ల పొదుపు తెలుగువాళ్ల సాగుకి, వ్యాపారానికి ఉపయోగపడాలన్నది ఆయన పట్టుదల. 1923 నవంబర్ 28న మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంక్ మొదలైంది. షేర్లు కొన్నవాళ్లు చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. డిపాజిట్ అయితే గడువుకి తిరిగిస్తారు. షేర్ అలా కాదు. లాభమొస్తే వాటా, నష్టమొస్తే పెట్టింది కూడా పోవచ్చు. మధ్యలో డబ్బు అవసరమైతే దాన్ని ఇంకొకరికి అమ్ముకోవాల్సిందే. మరి కొనేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? బొంబాయిలో ఈ పనికి 1875 నుంచే స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉంది. బందరులో ఆ సదుపాయం లేదు. తెలిసినవాళ్లను అడగాలి, వాళ్లిచ్చిన రేటుకి సరిపెట్టుకోవాలి.

కోనసీమ రైతుకి ఇది చెప్పక్కర్లేదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ లేకపోతే దళారి చెప్పిందే రేటు. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఒకచోట చేరితే ధర అందరికీ తెలుస్తుంది. షేర్లకు ఎక్స్ఛేంజ్ కూడా అంతే. అది రేటు పెట్టదు, బేరం కుదిరే చోటు చూపిస్తుంది.

పట్టాభి రాజకీయ జీవితంలోనూ ఆటుపోట్లే. 1939లో త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటలో జైలు జీవితం గడిపారు. 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. తర్వాత మధ్యప్రదేశ్ గవర్నర్‌గా పనిచేశారు. 1959 డిసెంబర్ 17న కన్నుమూశారు.

1980లో బ్యాంక్ జాతీయమైంది. 2001లో మళ్లీ జనానికి షేర్లు అమ్మి, ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. చాలామంది పొరబడేది ఇక్కడే. పబ్లిక్ ఇష్యూలో కొత్త షేర్లకు జనం కట్టిన డబ్బు బ్యాంక్‌కి వెళ్లింది. ఆ తర్వాత రోజూ మార్కెట్లో చేతులు మారిన డబ్బు మాత్రం అమ్మినవాళ్లకే. బ్యాంక్‌కి పైసా రాదు. కానీ ఎప్పుడైనా అమ్ముకోవచ్చన్న ధీమా లేకపోతే, మొదట కొనడానికే జనం వెనకాడతారు. బందరులో లక్ష కట్టినవాళ్లకు లేనిది ఆ ధీమానే.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది. పట్టాభి పెట్టిన పేరు బోర్డుల మీద నుంచి పోయింది. 1000 ఆంధ్రా బ్యాంక్ షేర్లున్నవాళ్ల డీమ్యాట్ ఖాతాలో 325 యూనియన్ బ్యాంక్ షేర్లు వచ్చి చేరాయి.