స్త్రీ సమాజాలకు ఆద్యురాలు భండారు అచ్చమాంబ

ఆంధ్ర మహిళాభ్యుదయ చరిత్రలో ముప్పది సంవత్సరాలు మాత్రమే జీవించి, చిరస్మరణీయమైన కృషి చేసిన విదుషీమణి శ్రీమతి భండారు అచ్చమాంబ. తెలుగులో తొలి కథ వ్రాసిన రచయిత్రిగా ఆమె పేరు ఇటీవలి దశాబ్దాలలో మరల వినవస్తున్నది. అది సముచితమే. అయితే కథారచన కంటె పెద్ద పని ఆమె మరొకటి చేశారు. ఇరుగుపొరుగు స్త్రీల నడుమ సహజంగా వెల్లివిరిసే చెలిమిని ఒక సంస్థగా మలచి, దానికొక పేరు పెట్టి, నలుగురి ఎదుట నిలిపారు.

అచ్చమాంబ 1874వ సంవత్సరంలో కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య, తల్లి గంగమాంబ. పసితనంలోనే తండ్రి గతించారు. పదేండ్లకే భండారు మాధవరావు గారితో వివాహమైంది. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగి. ఆ కారణంగా అచ్చమాంబ కాపురం నాగపురానికి చేరింది. ఇంటిలో తెలుగు, గడప దాటితే మరాఠీ, హిందీ. హుమ్మ, గంజాం, బరంపురం ప్రాంతాలలో ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుతూ పెరిగిన కుటుంబాలకు ఆ స్థితి ఎటువంటిదో వేరుగా వివరింప నక్కరలేదు. పరభాషా ప్రాంతంలో ఉన్నప్పుడే మాతృభాష విలువ మరింతగా తెలిసివస్తుంది.

బడికి పోయి చదువుకొనే అవకాశం ఆమెకు కలుగలేదు. చదువే ఆమె ఇంటికి వచ్చింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు విద్యాభ్యాసం కొరకు నాగపురంలో అక్కగారి యింట ఉన్నారు. తర్వాతి కాలంలో చరిత్ర పరిశోధకుడుగా, తెలుగు విజ్ఞాన సర్వస్వ నిర్మాతగా ఖ్యాతి గడించిన మహనీయుడే ఆయన. తమ్ముడు చదివే పుస్తకాలు అక్కకు పాఠాలైనాయి. తెలుగు, హిందీ చక్కగా నేర్చుకొని, ఆపై మరాఠీ, బెంగాలీ, గుజరాతీ భాషలలో ప్రవేశం సంపాదించారు. సంస్కృతం కూడ అభ్యసించారు. అక్కకు తమ్ముడు గురువైన ఇటువంటి ఉదాహరణ మన సాహిత్య చరిత్రలో అరుదు.

కాని ఆ ఇంట దుఃఖం కూడ ఉన్నది. ఆమెకు కలిగిన కుమారుడు, కుమార్తె ఇరువురూ పసితనంలోనే మరణించారు. బిడ్డలు పోయిన స్త్రీని శుభకార్యాలకు పిలవడానికి సంకోచించే కాలమది. అటువంటి ఇల్లాలు మౌనంగా ఒక మూల కూర్చుండిపోవడమే లోకానికి అలవాటు. అచ్చమాంబ అట్లు కూర్చుండలేదు. అనాథ బాలలను చేరదీసి, తన యింట ఉంచుకొని చదువు చెప్పించారు. పుత్రశోకాన్ని మరపించేది ఏదీ లేదు. చేతినిండ పని మాత్రం మనిషిని నిలబెడుతుంది.

ఈ దేశపు స్త్రీలలో విద్యావంతులు, ధైర్యవంతులు ఎందరో ఉండినారని నిరూపించే తలంపుతో ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే గ్రంథానికి పూనుకొన్నారు. చరిత్రలోని భారత స్త్రీలు, వేద పురాణాలలోని స్త్రీలు, విదేశ వనితలు అని మూడు భాగాలుగా ఆ గ్రంథాన్ని సంకల్పించారు. మొదటి భాగం 1901లో వెలువడింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ప్రోత్సాహం దానికి లభించింది. 1902లో సత్తిరాజు సీతారామయ్య గారు ఏలూరులో ‘హిందూసుందరి’ అనే స్త్రీల పత్రికను ప్రారంభించగా, అదే సంవత్సరం ఆ పత్రికలో ఆమె కథ ‘ధనత్రయోదశి’ అచ్చయింది. పేదరికంలో మగ్గుతున్న భర్త అన్యాయార్జితానికి ఆశపడగా, భార్య అతనిని సరియైన దారికి మళ్ళించిన కథ అది. గురజాడవారి ‘దిద్దుబాటు’ 1910 నాటిది. పండితుల వాదం ఎటు తేలినప్పటికీ, ఎనిమిదేండ్ల ముందు ఒక స్త్రీ కథ వ్రాసిందన్న సంగతి మారదు.

ఇక ఆమె జీవితంలోని ముఖ్య ఘట్టం. 1902లోనే ఓరుగంటి సుందరీరత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో ‘బృందావన స్త్రీల సమాజం’ స్థాపించారు. కోస్తా ఆంధ్రంలో స్త్రీలు తమంతట తాము నెలకొల్పుకొన్న తొలి సమాజంగా చరిత్రకారులు దీనిని పేర్కొంటారు. ‘తమంతట తాము’ అన్న మాటలోనే విశేషమంతా ఉన్నది. అచ్చమాంబ పుట్టిన 1874లోనే వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికా పాఠశాల ప్రారంభించారు. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ మహాకార్యాలకు తెలుగు స్త్రీలోకం సర్వదా ఋణపడి ఉన్నది. అయినను అవి స్త్రీల కొరకు పురుషులు చేసినవి. స్త్రీలే కూడి, స్త్రీలే ఆలోచించి, స్త్రీలే నడుపుకొనే సమాజం వేరు.

మన స్త్రీలకు కూడికలు క్రొత్త కావు. పేరంటాలు, నోములు, అట్లతద్ది ఉయ్యాలలు, నూతి గట్టు మీది ముచ్చట్లు అనాదిగా ఉన్నవే. పసుపు కుంకుమలతో పాటు కష్టసుఖాలు కూడ అక్కడ చేతులు మారేవి. ఒకరి కన్నీరు మరొకరు తుడిచేవారు. పురిటికి, పిల్లల జబ్బుకు మొదట అందేది ఆ చేయూతయే. అయితే అక్కడ పలికిన మాట అక్కడనే ఆగిపోయేది. వాయనం పుచ్చుకొని ఇంటికి పోగానే ఎవరి వంటిల్లు వారిది. పైగా విధవరాలికి పేరంటంలో చోటు లేదు. సమాజం ఈ రెండు లోపాలను సవరింప గలిగింది. అక్కడికి వచ్చుటకు నుదుట కుంకుమ ఉండవలెనన్న నియమం లేదు. చదువు వచ్చిన ఒకరు చదివితే రానివారు పదిమంది వినవచ్చును. విన్నదాని మీద తమ అభిప్రాయం చెప్పవచ్చును. అభిప్రాయం అడిగేవారే లేని ఇల్లాలికి ఇది ఎంతటి మార్పో నేటి తల్లులు ఊహించుకొనవచ్చును.

ఇక్కడ సుందరీరత్నమాంబ గారి పేరు తరచు రెండవదిగా వచ్చి, అంతటితో మరుగున పడిపోవడం విచారకరం. అచ్చమాంబ నివాసం మధ్యపరగణాలలో, సమాజం మచిలీపట్నంలో. దూరదేశపు చెలికత్తె తలంపును ఊరిలో నిలబెట్టడానికి ఊరిలోని చెలికత్తె కావలె. చెలిమి లేనిదే ఆ సమాజం లేదు.

1903లో అచ్చమాంబ ఆంధ్ర దేశమంతట సంచరించి, పెక్కుచోట్ల స్త్రీలను కూడగట్టి సమాజాలు ఏర్పడడానికి కారకులైనారు. స్త్రీ సభలో మాట్లాడడమే వింతగా తోచే రోజులలో ఊరూరు తిరగడం సాహసమే. ఒక పరిమితిని కూడ చెప్పుకొనవలె. ఆనాటి సమాజాలలో చేరినవారు చాలవరకు అగ్రవర్ణాల, కలిగిన కుటుంబాల స్త్రీలే. పొలంలో, ఉప్పుమళ్ళలో పనిచేసే స్త్రీ వాటి గడప తొక్కడానికి ఇంకను చాలా కాలం పట్టింది. అంతమాత్రాన మొదటి అడుగు విలువ తరగదు.

1905 జనవరిలో, ముప్పది ఏండ్ల వయస్సులో, ఆమె కన్నుమూశారు. రత్నమాల తక్కిన భాగాలు ఆమె అనుకొన్న విధంగా పూర్తి కాలేదు. సమాజాలు మాత్రం ఆగలేదు. కాకినాడ మొదలైన పట్టణాలలో స్త్రీలు తమ సమాజాలను, పత్రికలను తామే నడుపుకొన్నారు. 1937లో దుర్గాబాయి గారు మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు అంకురార్పణ చేసేనాటికి స్త్రీల సభ అంటే ఎవరికీ వింత కాలేదు.

అక్క మరణించిన మరుసటి సంవత్సరం, 1906లో, లక్ష్మణరావు గారు మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. ఆ సంవత్సరమే ఆయనకు కుమార్తె జన్మించింది. ఆమెకు అచ్చమాంబ అని పేరు పెట్టారు. ఆ రెండవ అచ్చమాంబ వైద్యవిద్య నభ్యసించి, డాక్టరై, 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైనారు.