నీల్స్ బోర్: గురువును, సహచరుడును

అధికారి తన క్రింద పనిచేయువారికి చనువిచ్చినచో వారు నెత్తికెక్కుదురని లోకమున ఒక భయము కలదు. కచేరీలోనైనను కళాశాలలోనైనను పెద్దకుర్చీలో కూర్చున్నవాడు పని ముగియగానే తలుపు వేసికొనుటయే మర్యాదగా చెల్లుచున్నది. ఆ తలుపును బార్లా తెరచి, దానివలన కలుగు లాభమును, కష్టమును గూడ అనుభవించిన మహనీయుడు డెన్మార్కు దేశపు భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్.

బోర్ 1885 అక్టోబరు 7వ తేదీన కోపెన్‌హేగన్ నగరమున జన్మించెను. తండ్రి క్రిస్టియన్ బోర్ శరీరధర్మశాస్త్రమున ఆచార్యుడు. తండ్రి మిత్రులైన పండితులు ఇంట చేరి చర్చించుచుండగా బాలుడు ఒక మూల కూర్చుండి వినుచుండెడివాడు. విద్య తరగతి గదితో ముగియదని ఆతనికి చిన్ననాడే తెలిసెను.

1911లో డాక్టరు పట్టమంది ఆతడు ఇంగ్లండునకు పోయెను. కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సన్ మహాపండితుడే, కాని క్రొత్తగా వచ్చిన యువకుని వ్యాసమును చదువుటకు ఆయనకు తీరిక చిక్కలేదు. 1912లో బోర్ మాంచెస్టరు చేరి రూథర్‌ఫోర్డును ఆశ్రయించెను. అచ్చట దృశ్యము వేరు. సాయంకాలము తేనీటివేళ రూథర్‌ఫోర్డు పరిశోధనశాలలోని యువకుల నడుమ కూర్చుండి, సకల విషయములను ముచ్చటించుచుండెను. పరమాణు నిర్మాణమును గూర్చి 1913లో తాను ప్రకటించిన సిద్ధాంతముతో బోర్ కీర్తి దేశదేశముల వ్యాపించెను. ఆ కీర్తితోపాటు ఆ తేనీటి బల్లను గూడ ఆయన మరువలేదు.

1921 మార్చి 3వ తేదీన ఆయన అధ్యక్షుడుగా కోపెన్‌హేగన్‌లో సైద్ధాంతిక భౌతికశాస్త్ర సంస్థ ప్రారంభమయ్యెను. మొదటి సంవత్సరములలో బోర్ కుటుంబము ఆ భవనములోనే కాపురముండెను. దూరదేశములనుండి వచ్చిన యువకులకు ఆయన భార్య మార్గరేట్ ఇంటి మనిషివలె ఆదరము చూపెడిది.

1922 జూన్ నెలలో జర్మనీలోని గొట్టింగెన్‌లో బోర్ ఉపన్యసించుచుండగా ఇరువది యేండ్ల విద్యార్థి యొకడు లేచి ఆయన మాటకు అడ్డుచెప్పెను. ఆతడే వెర్నర్ హైసెన్‌బర్గ్. బోర్‌కు నోబెల్ బహుమానము లభించిన సంవత్సరమే అది. నిండుసభలో ఒక కుర్రవాని నోరు మూయించుట ఆయనకెంత పని? అట్లు చేయక, ఆనాటి మధ్యాహ్నమే వానిని షికారునకు పిలిచి, హైన్‌బెర్గ్ కొండదారిలో చాలసేపు మాటలాడుచు నడచెను. 1924లో ఆ యువకుడు కోపెన్‌హేగన్ రాగా, బోర్ సంస్థ పనులను ప్రక్కకు నెట్టి, కొన్ని దినములు వానితో ఉత్తర జీలండ్ ప్రాంతమున కాలినడకన తిరిగి, హామ్లెట్ కథతో ముడిపడిన క్రోన్‌బోర్గ్ కోటను చూపెను.

సంస్థలో పింగ్‌పాంగు ఆట సాగుచుండెను. రాత్రులందు గురుశిష్యులు కలిసి అమెరికా కౌబాయి చలనచిత్రములకు పోయెడివారు. కథ యెటు నడచుచున్నదో తోచక బోర్ ప్రక్కవారిని ప్రశ్నించుచుండుటయు, వారు ఓపికతో వివరించుటయు ఆయన శిష్యులు తరువాత నవ్వుచు చెప్పుకొన్న ముచ్చట. 1932లో సంస్థలో జరిగిన సమావేశమున యువకులు గేటే ఫౌస్ట్ నాటకమును హాస్యముగా మార్చి ప్రదర్శించుచు, బోర్‌ను సాక్షాత్తు భగవంతుని పాత్రగా నిలిపి పరిహసించిరి. గురువుతో కలిసి నడచినవాడు, నవ్వినవాడు మరునాడు నల్లబల్లయొద్ద గురువు తప్పును చూపుటకు వెనుదీయడు. బోర్ కోరినదియు అదియే.

అయినను తలుపు తెరచినంతమాత్రమున పెద్దచిన్నల తేడా సమసిపోదు. 1926లో బోర్ ఇంట అతిథిగా దిగిన ష్రోడింగర్ జ్వరపడెను. మార్గరేట్ పరిచర్య చేయుచుండగా బోర్ మంచముప్రక్కన కూర్చుండి వాదము సాగించుచునే యుండెను. ఇల్లే సభాస్థలియైనప్పుడు అతిథికి తప్పుకొను దారి యెక్కడ? 1927లో అనిశ్చితత్వ సూత్రమును గూర్చిన వ్యాసమునందలి దోషమును బోర్ పట్టుపట్టి చూపినప్పుడు హైసెన్‌బర్గ్ కంటతడి పెట్టెను. కడకు ఆ సవరణను అంగీకరించి వ్యాసమునకు చేర్చెను. పరాయివాని మాటకంటె ఆప్తుని మాట లోతుగా నాటును.

1940 ఏప్రిల్‌లో జర్మను సైన్యము డెన్మార్కును ఆక్రమించెను. 1941 సెప్టెంబరులో హైసెన్‌బర్గ్ మరల కోపెన్‌హేగన్ వచ్చెను. ఇప్పుడాతడు గెలిచిన దేశపు పండితుడు. బోర్ ఓడిన దేశపు పౌరుడు. ఇరువురును ఏకాంతముగా మాటలాడుకొనిరి. అణ్వాయుధముల ప్రసంగము వచ్చెను. ఆ మాటల భావమేమో తరువాత వారి జ్ఞాపకములు ఏకీభవింపలేదు. ఆ స్నేహము మాత్రము మునుపటివలె లేకపోయెను. తల్లి యూదు వంశీయురాలగుటచే బోర్‌కు ప్రాణాపాయమేర్పడి, 1943లో ఆయన నావలో స్వీడనునకు తప్పించుకొనెను.

యుద్ధానంతరము స్వదేశమునకు మరలివచ్చి, బోర్ తన ఇంటి తలుపును మునుపటివలెనే యువకులకు తెరచియుంచెను. హైసెన్‌బర్గ్‌తో రాకపోకలు గూడ సాగెను. కాని 1941నాటి మాటలను గూర్చి ఆయనకు వ్రాయదలచిన లేఖను బోర్ పలుమారులు చిత్తుగా వ్రాయించియు, పంపలేదు. 1962 నవంబరు 18వ తేదీన బోర్ మరణించెను. 1965లో ఆ సంస్థకు ఆయన పేరు పెట్టబడెను. ఆ చిత్తుప్రతులు 2002లో గాని లోకమునకు వెల్లడి కాలేదు.

కుర్చీ దిగివచ్చిన గురువును శిష్యుడు ప్రేమింపగలడు, ఎదిరింపగలడు, నొప్పింపను గలడు. ఇది యెరిగియు తలుపు మూయకుండుటయే బోర్ గొప్పదనము. కొండదారులలో అన్ని మైళ్లు కలిసి నడచిన ఇరువురి నడుమ ఆ కొన్ని కాగితములు మాత్రము పయనము సాగక నిలిచిపోయెను.