గోదావరిని కాగితం మీద నిలిపిన దామెర్ల రామారావు

మైపాడు ఒడ్డున సూర్యోదయాన్ని, చలికాలంలో పులికాటు సరస్సుకు వచ్చే ఫ్లెమింగోలను చూడని నెల్లూరు వాసులు అరుదు. అయితే ఒక నదిని గాని, కొండను గాని అదే ప్రధాన విషయంగా చిత్రించడం మన ప్రాంతాల్లో పాత అలవాటు కాదు. మనకు పొరుగున ఉన్న శ్రీకాళహస్తి కలంకారీలో అయినా, లేపాక్షి గుడి చిత్రాల్లో అయినా పురాణకథ ముఖ్యం. చెట్టూ చేమా ఆ కథకు అలంకారంగా వస్తాయి.

సముద్రాల అవతల అమెరికాలో 19వ శతాబ్దంలో థామస్ కోల్ అనే చిత్రకారుడు హడ్సన్ నదీ ప్రాంతపు కొండలను, అడవులను ఎంతో శ్రద్ధగా చిత్రించారు. ఆయన బాటలో నడిచిన వారికి ఆ నది పేరే స్థిరపడింది. తర్వాత కొన్ని దశాబ్దాలకు మన గోదావరికీ అటువంటి చిత్రకారుడు ఒకరు దొరికారు. వారే కీర్తిశేషులు దామెర్ల రామారావు గారు.

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. చిన్నతనం నుండి చదువు మీద కన్న బొమ్మల మీదే మక్కువ ఎక్కువ. ఆ రోజుల్లో బొమ్మలు వేసే పిల్లవాడిని చూసి సంతోషించే పెద్దలు తక్కువ, కూడు పెట్టే విద్య కాదని మందలించేవారే ఎక్కువ. అటువంటి కాలంలో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గారి కంట ఈ బాలుడు పడటం ఆంధ్రుల అదృష్టం. కూల్డ్రే గారు ఆంగ్లేయులు, స్వయంగా చిత్రకారులు. మన నవలాకారులు, చిత్రకారులు అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యులే. ఆ గురువు ప్రోత్సాహంతో రామారావు గారు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరారు.

బొంబాయిలో పాశ్చాత్య పద్ధతులు క్షుణ్ణంగా నేర్చారు. కలకత్తా వెళ్ళి అవనీంద్రనాథ్ టాగూరు గారి వంటి పెద్దలను కలుసుకున్నారు. ఆ పేరుతో బొంబాయిలోనో, కలకత్తాలోనో స్థిరపడి ఉండవచ్చును. కాని ఆయన రాజమండ్రికే తిరిగి వచ్చారు. తెలుగువారికి తమదైన చిత్రకళ ఉండాలన్నది ఆయన పట్టుదల. అందుకోసం స్వస్థలంలోనే చిత్రకళాశాల నెలకొల్పి యువకులకు నేర్పసాగారు.

పుష్పాలంకారం, సిద్ధార్థ రాగోదయం, నంది పూజ వంటి చిత్రాలు ఆయనకు పేరు తెచ్చాయి. ఋష్యశృంగుని కథపై వేసిన చిత్రానికి కలకత్తా ప్రదర్శనలో బహుమతి లభించింది. 1924లో లండన్ సమీపంలోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలోనూ ఆయన చిత్రాలకు చోటు దక్కింది. వీటితో పాటు గోదావరిని, ఆ పరిసరాల కొండలను ఎన్నో ప్రకృతి దృశ్యాలుగా చిత్రించారు. పారదర్శకమైన నీటిరంగులలో తెలుపు కావలసిన చోట కాగితాన్నే వదిలివేస్తారు. నీటి మీద మెరిసే వెలుగు నిజానికి రంగు తగలని కాగితమే! ఒకసారి పడిన రంగును దిద్దుకోవడం కష్టం. అందుచేత ఆ పనికి చేతి నేర్పు ఎంత కావాలో, నదిని ఓపికగా చూసే కన్నూ అంతే కావాలి.

ఇంతలోనే మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6న రామారావు గారు కన్ను మూశారు. అప్పటికి ఇంకా 28 సంవత్సరాలు నిండలేదు. మన తరం వారి భుజాల మీద టీకా మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టిన ఆ వ్యాధి మన దేశంలో 1975 తర్వాత కనిపించలేదు. 1980లో ప్రపంచమంతటా అంతరించినట్లు ప్రకటించారు. ఆ మచ్చ విలువ ఎంతటిదో ఇటువంటి జీవితాలను తలచుకున్నప్పుడు తెలుస్తుంది.

చిత్రకారుడు పోయిన తర్వాత కాగితాలు చెదలపాలు కావడానికి ఎంతో కాలం పట్టదు. కాని ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు స్వయంగా చిత్రకారిణులు. మిత్రులు వరదా వెంకటరత్నం గారు చిత్రకళాశాల బాధ్యత మోశారు. వీరందరి శ్రద్ధ వల్లనే ఆ చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలకు చేరాయి. నీటిరంగులు ఎండ తగిలితే వెలిసిపోతాయి, తేమ తగిలితే కాగితం పాడవుతుంది. గోదావరి పక్కన ఉన్న ఊరిలో వాటిని కాపాడటం ఒక తరంతో ముగిసే పని కాదు.

రామారావు గారు మరణించి 2025కు నూరేళ్ళు నిండాయి. పట్టుమని పదేళ్ళు కూడా సాగని కృషి నూరేళ్ళు నిలవడానికి ఆయన ప్రతిభ ఒక కారణమైతే, బొమ్మలు గీసే పిల్లవాడిని గుర్తించిన గురువు, గీసినవాటిని దాచిన ఇంటివారు మరొక కారణం. ఈ రెండో పని మనబోటి వయసు వారు కూడా చేయగలిగినదే. మనుమలు, మనుమరాళ్ళు నోటుపుస్తకం వెనుక అట్ట మీద పడవ బొమ్మ వేస్తే కసురుకోకుండా, ఒక మంచి కాగితం, రంగుల పెట్టె కొనిపెట్టి మైపాడుకో, పులికాటుకో తీసుకువెళ్దాం. ఈసారి రాజమండ్రి పుష్కరాలకో, పెళ్ళికో వెళ్ళే సభ్యులు ఒక పూట ఆ చిత్రశాలకు కేటాయిస్తే, రేవులో చూసిన గోదావరినే అక్కడ మరోసారి దర్శించవచ్చును.